నీళ్లున్న నేలలో ఈతకు చోటు: నంద్యాల, ఆళ్లగడ్డ

(స్మారక ఉపన్యాసం, ముద్రిత పాఠం)

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు జాతీయ రహదారి మీద నలభై కిలోమీటర్ల పైచిలుకు. దారికి తూర్పున నల్లమల, కొండల వారగా తెలుగుగంగ కాలువ, పడమర కుందూ నది, మధ్యలో కేసీ కెనాల్, దాని పిల్లకాలువలు. రాయలసీమ అనగానే ఎండిన చెరువులు తలపుకొస్తాయి గానీ ఈ నేల సంగతి వేరు. మహానందిలో ఊట ఏడాది పొడవునా పారుతుంది. యాగంటి కోనేరు ఎండదు. నాలుగు వానలు పడితే అహోబిలంలో భవనాశి ఉరుకుతుంది. ఇన్ని నీళ్ల పక్కన పెరిగే పిల్లలకు ఈత నేర్చుకునే చోటు ఏది, అక్కడికి ఎవరెవరు వెళ్లగలరు, వెళ్లినవాళ్లు క్షేమంగా ఇల్లు చేరతారా అన్నది ఈ ఉపన్యాస విషయం. నీళ్లలో దిగే హక్కు చట్టం ప్రకారం అందరికీ వచ్చి డెబ్బై ఏళ్లు దాటింది. ఆ డెబ్బై ఏళ్లలోనే పిల్లలు భయం లేకుండా దిగగల నీళ్లు ఒక్కొక్కటే కనుమరుగయ్యాయి. ఆ లోటు తీర్చే బాధ్యత ఇప్పుడు పురపాలక సంఘాలది, జిల్లా యంత్రాంగానిది.

మొదట చెప్పుకోవలసింది మహానంది. నంద్యాలకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, నల్లమల పాదం దగ్గర ఉన్న ఈ క్షేత్రంలో గర్భాలయంలోని లింగం కింది నుంచి ఊట పుడుతుంది. ఆ నీరు ప్రాంగణంలోని పెద్ద కోనేరులోకి వచ్చి, అక్కడి నుంచి బయటి గుండాలకు, ఆ తర్వాత పొలాలకు, అరటి తోటలకు పోతుంది. కోనేరు ఒక్కో వైపు సుమారు 60 అడుగులు, నడుమ రాతి మండపం, లోతు అయిదడుగులు. ఆ లోతు మారకుండా నీరు వచ్చే దారినీ పోయే దారినీ అమర్చిన శిల్పుల పనితనం ఇప్పటికీ ఇంజనీర్లు చూసి నేర్చుకోదగ్గది. అడుగున పడిన రూపాయి బిళ్ల పైనుంచి కనిపిస్తుంది. నీరు చలికాలం తెల్లవారుజామున గోరువెచ్చగా, ఎండాకాలం మధ్యాహ్నం చల్లగా తగులుతుంది. భూమి లోపలి నుంచి వచ్చే ఊటకు వేడి ఏడాదంతా దాదాపు ఒకేలా ఉంటుంది, మారేది బయటి గాలి.

కొలతలు లెక్కేస్తే 60 అడుగుల చదరం, అయిదడుగుల లోతు అంటే 18 వేల ఘనపుటడుగులు, సుమారు 5 లక్షల లీటర్లు. మండపం ఉన్న చోటు తీసేస్తే అంతకు కొంచెం తక్కువ. ఇవాళ పట్టణాల్లో కట్టే 25 మీటర్ల స్విమ్మింగ్ పూల్ పన్నెండున్నర మీటర్ల వెడల్పుతో, సగటున 1.4 మీటర్ల లోతుతో 4.4 లక్షల లీటర్లు పడుతుంది. రెండూ ఇంచుమించు సమానం. తేడా అంతా నీటిని శుభ్రంగా ఉంచే తీరులో ఉంది. పూల్‌లో ఉన్న నీటినే పంపులు కొన్ని గంటలకోసారి ఇసుక వడపోత గుండా తిప్పి, క్లోరిన్ కలిపి మళ్లీ వదులుతాయి. కోనేరులో పాత నీరు పోతూ ఉంటే కొత్త నీరు వస్తూ ఉంటుంది. దానికి కరెంటు బిల్లు లేదు.

సెలవు రోజు పొద్దున ఆ మెట్ల మీద నిలబడితే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. తండ్రి నీళ్లలో నిలబడి, పిల్లవాడి పొట్ట కింద అరచెయ్యి పెట్టి, కాళ్లాడించమంటాడు. కాస్త పెద్ద పిల్లలు గోడ పట్టుకుని మండపం వైపు చూస్తుంటారు, ఈత వచ్చినవాళ్లు దాని చుట్టూ తిరిగొస్తారు. ఆడవాళ్లు చీరకట్టుతోనే దిగి, మెట్టు వదలకుండా మూడు మునకలేసి పైకొస్తారు. అయిదడుగుల లోతు పెద్దవాళ్లకు గొంతు దాకా వస్తే, పదేళ్ల పిల్లవాడికి తల మునుగుతుంది. అక్కడ నేర్చుకునే పిల్లలకు తండ్రి చెయ్యే ఆధారం. చెయ్యి పట్టే తండ్రి లేనివాళ్లకు, తల్లితో మాత్రమే వచ్చిన ఆడపిల్లలకు ఆ నీళ్లు మునకతోనే సరి. కోనేరు పుణ్యస్నానానికి కట్టినది, ఆ పని అది చక్కగా చేస్తోంది. పట్టణం పిల్లలందరికీ ఈత నేర్పే బరువు దాని మీద పెట్టడం న్యాయం కాదు.

ఆ మెట్లు ఈమాత్రం అందరివీ కావడానికి కూడా పెద్ద పోరాటమే జరిగింది. కర్నూలు జిల్లా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండేది కాబట్టి ఈ ప్రాంతానికి వర్తించిన చట్టాలు మద్రాసువి. దళితులు ప్రజా రహదారులు, బావులు, చెరువులు వాడుకోవచ్చని రెట్టమలై శ్రీనివాసన్ ప్రతిపాదించిన తీర్మానాన్ని మద్రాసు శాసనమండలి 1924లో ఆమోదించింది. అదే ఏడాది మహారాష్ట్రలోని మహద్ పురపాలక సంఘం తన చవదార్ చెరువును అందరికీ తెరుస్తూ తీర్మానించింది. తీర్మానం కాగితం మీదే ఉండిపోయింది. మూడేళ్ల తర్వాత, 1927 మార్చి 20న, డాక్టర్ అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్లి ఆ నీటిని దోసిలితో తాగాల్సి వచ్చింది. ఆ చెరువు మీద హక్కు గురించి నడిచిన వ్యాజ్యం బొంబాయి హైకోర్టులో తేలేసరికి 1937 వచ్చింది. పురపాలక తీర్మానానికీ మనిషి నీళ్లలో అడుగు పెట్టడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో తెలుసుకోవడానికి మహద్ కంటే మంచి పాఠం లేదు.

1947 నాటి మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం గుడిలోకి అడుగుపెట్టే హక్కుతో ఆగలేదు. గుడికి చెందిన కోనేరు, బావి, ఊట, వాగుల్లో స్నానం చేసే హక్కును కూడా కులంతో నిమిత్తం లేకుండా హిందువులందరికీ ఇచ్చింది. మహానంది, అహోబిలం, యాగంటి కోనేళ్ల మీద దళితుల హక్కుకు చట్టబద్ధమైన ఆధారం అది. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజులో బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అని పేరుపేరునా రాసింది. ప్రభుత్వ డబ్బుతో నడిచేవైనా, ప్రజలకు అంకితమైనవైనా, మతం, జాతి, కులం, స్త్రీపురుష భేదం, పుట్టిన చోటు కారణంగా ఎవరినీ వాటికి దూరంగా ఉంచరాదు. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం ఉల్లంఘనకు శిక్ష పెట్టింది. దాని పేరే 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మారింది. పురపాలక సంఘం నడిపే ఈత కొలను ఈ అధికరణం కిందికి సందేహం లేకుండా వస్తుంది.

హక్కు కాగితం మీద ఉంటే సరిపోదనడానికి అమెరికాలో మరో ఉదాహరణ ఉంది. మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ నగరానికి 1960ల మొదట్లో కోర్టు వర్ణవివక్ష మానమని చెప్పింది. నల్లవారిని తెల్లవారితో పాటు ఈత కొలనుల్లోకి రానివ్వడం ఇష్టంలేక నగరం తన కొలనులనే మూసేసింది. 1971లో ఆ దేశ సుప్రీంకోర్టు అయిదుగురికి నలుగురు మెజారిటీతో, మూసేయడం రాజ్యాంగ విరుద్ధం కాదంది. ఉన్న కొలనులోకి రానివ్వమని అడగవచ్చు, లేని కొలను కోసం కోర్టుకు పోలేరు. మన దగ్గర కొలనుల విషయంలో పెద్ద లోటు ఈ రెండో రకానిదే.

ఆలయ చట్టం గురించి మరో మాట చెప్పుకోవాలి. అది హిందువులకిచ్చిన హక్కు. నంద్యాలలో ముస్లిం కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి, క్రైస్తవ మిషన్ల చరిత్ర కూడా ఇక్కడ పాతదే. ఆ ఇళ్ల పిల్లలు కోనేరును తమ హక్కుగా అడగలేరు, అడగాలని వాళ్లకూ ఉండదు. మతంతో, పూజతో పనిలేకుండా ఎవరైనా దిగగల నీళ్లు పట్టణంలో ఉండాలంటే అవి పురపాలక సంఘం కట్టినవే కావాలి.

కోనేరు తర్వాత ఈత బడి బావి. మోటలు, ఆయిల్ ఇంజన్లు నడిచిన రోజుల్లో పల్లెల్లో మగపిల్లలు ఎక్కువమంది ఈత నేర్చింది దిగుడు బావుల్లోనే. వీపుకు సొరబుర్రో బెండో కట్టి, నడుముకు మోకు బిగించి, అన్నో మామో గట్టు మీద నిలబడి వదిలేవాడు. నాలుగు రోజులకు బెండు చిన్నదయ్యేది, వారానికి పోయేది. తర్వాతి తరానికి లారీ ట్యూబు వచ్చింది. ఆ పద్ధతిలో ఒక క్రమం ఉంది: పైన కనిపెట్టుకుని ఉండే మనిషి, తేలడానికి ఆధారం, రోజురోజుకూ ఆధారం తగ్గించడం. ఇప్పటి శిక్షకులు నేర్పేదీ ఇదే క్రమం. అయితే బావి సొంతదారుడిది. ఎవరి పిల్లలు దూకవచ్చో అతని మాటను బట్టి, ఊళ్లో కులం కట్టుబాటును బట్టి ఉండేది. ఆడపిల్లలకు ఆ గట్టు మీద చోటే లేదు. బోర్లు వచ్చాక బావులు ఎండాయి, కొన్నింటిని పూడ్చారు, కొన్ని ముళ్లకంపతో నిండాయి. ఆరంగుళాల బోరులో ఎవరూ ఈత నేర్చుకోలేరు. బావి పోయాక దానితో పాటు గట్టు మీద నిలబడే పెద్దమనిషి కూడా పోయాడు. అసలు నష్టం అక్కడ జరిగింది.

మిగిలింది కాలువ. కేసీ కెనాల్‌ను 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వడం మొదలుపెట్టింది. తుంగభద్ర మీద సుంకేశుల నుంచి కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు, సాగుకే కాక పడవల రాకపోకలకు కూడా అని అప్పటి ఆలోచన. కంపెనీకి గిట్టుబాటు కాక 1882లో ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. పడవలు పోయాయి, పొలాలకు నీళ్లు నిలిచాయి. ఈ ఆయకట్టు మీదే నంద్యాల వరికి పేరొచ్చింది. 1990ల చివర జపాన్ రుణంతో మొదలైన ఆధునికీకరణలో కాలువకు చాలా చోట్ల కాంక్రీటు లైనింగు వేశారు. నీరు ఇంకకుండా, వేగంగా చివరి ఎకరం దాకా చేరడానికి అది అవసరమే. నీళ్లలో పడ్డ మనిషికి మాత్రం అది గండం. మట్టి గట్టయితే వేరో గడ్డిపోచో చేతికందుతుంది. నాచు పట్టిన ఏటవాలు కాంక్రీటు మీద కాలు నిలవదు, గోరు దిగదు. ఈత వచ్చినవాడు కూడా గట్టు పక్కనే అలసిపోతాడు.

కాలువకూ బడికీ కాలం కలవదు. కాలువలో నీళ్లు నిండుగా పారేది వానాకాలంలో, శ్రీశైలం నిండి తుంగభద్రకు వరద వచ్చాక, పిల్లలు బళ్లలో ఉండే నెలల్లో. ఏప్రిల్ చివరి నుంచి జూన్ దాకా, ఎండలు మండి బళ్లకు సెలవులున్నప్పుడు కాలువ చాలావరకు ఖాళీ. అప్పుడు పిల్లలు వెతుక్కుంటూ పోయేది కుంటలకు, కుందూ మడుగులకు, వదిలేసిన రాతి గనుల గుంతలకు. బనగానపల్లె, బేతంచెర్ల వైపు నాపరాయి తీసి వదిలేసిన గుంతల్లో వాన నీరు నిలుస్తుంది. పైకి ప్రశాంతంగా, పచ్చగా కనిపిస్తుంది. అంచు నుంచి ఒక్క అడుగు వేస్తే నిలువు లోతు, ఎక్కడానికి మెట్టు ఉండదు. దసరాకు కాలువలో, వేసవిలో గుంతల్లో పిల్లలు మునిగిన వార్తలు ఏటా జిల్లా పేజీల్లో వస్తూనే ఉంటాయి. ఒకడు జారితే పట్టుకోబోయి ఇంకొకడు, వాడి కోసం మూడోవాడు పోవడం ఆ వార్తల్లో తరచుగా కనిపించే విషాదం. మన దేశంలో నీట మునిగి చనిపోయేవారు ఏటా 30 వేలకు పైనే. ప్రపంచవ్యాప్తంగా 2021లో 3 లక్షల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అదే సంవత్సరం ఐక్యరాజ్యసమితి జులై 25ను నీటమునక నివారణ దినంగా ప్రకటించింది.

ఇక సిమెంటు కొలనులు. హైదరాబాద్‌లో నగరపాలక సంస్థకు పాతబస్తీలోనూ సికింద్రాబాద్‌లోనూ సొంత కొలనులున్నాయి, గచ్చిబౌలిలో 2002 జాతీయ క్రీడలకు, 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడలకు కట్టిన పెద్ద సముదాయం ఉంది. విజయవాడ నగరపాలక సంస్థ గాంధీనగర్‌లో సర్ విజ్జీ పేరుతో ఒకటి నడుపుతోంది, విశాఖ బీచ్ రోడ్డులో ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఉంది. నగరపాలక సంస్థ తలచుకుంటే నడపగలదనడానికి ఇవి రుజువు. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైన నంద్యాల లాంటి పట్టణంలో, ఆళ్లగడ్డ లాంటి చిన్న మున్సిపాలిటీలో ఈత అంటే ఎక్కువగా ప్రైవేటు వ్యవహారం: కార్పొరేట్ బడి, హోటల్, ఊరి చివర రిసార్టు. గంటకు ఇంత, నెలకు ఇంత అని రుసుము ఉంటుంది. ఇద్దరు పిల్లలున్న కూలి ఇంటికి అది దినకూలిలోంచి తీయాల్సిన డబ్బు.

రుసుము కంటే దూరం పెద్ద అడ్డంకి. ఆళ్లగడ్డకు రైలు లేదు. 2016లో మొదలైన నంద్యాల–ఎర్రగుంట్ల లైను బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగా పోతుంది. ఆళ్లగడ్డ, రుద్రవరం, చాగలమర్రి పిల్లలకు జిల్లా కేంద్రానికి దారి బస్సే. పోను గంట, రాను గంట, మధ్యలో నలభై నిమిషాల ఈత. రోజూ ఇలా పంపే తల్లిదండ్రులు ఉండరు, ఆడపిల్లనైతే అసలు పంపరు. కొలను నంద్యాలలో ఒకటి కట్టి జిల్లా అంతటికీ అనడం ఆళ్లగడ్డకు లేదని చెప్పడమే.

కొలను అనగానే అధికారుల నోట మొదట వచ్చే అభ్యంతరం నీళ్లు. తాగడానికి లేని చోట ఈతకా అంటారు. లెక్క చూడాలి. ఎకరం వరి ఒక పంటకు సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు, అంటే 48 లక్షల లీటర్లు తీసుకుంటుంది. పైన చెప్పిన 25 మీటర్ల కొలను ఒకసారి నింపడానికి 4.4 లక్షలు. తొమ్మిది, పది సెంట్ల వరికి పెట్టే నీరు అది. ఆ తర్వాత వేసవిలో రోజుకు ఎనిమిది మిల్లీమీటర్లు ఆవిరైనా పోయేది 2,500 లీటర్లు, అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకరులో సగం. వడపోతలు కడగడానికి, పిల్లలు ఒలకబోసేదానికి ఇంకొంత. ఇంతమాత్రం నీరు లేని మున్సిపాలిటీ కాదు ఆళ్లగడ్డ. పట్టణాల తాగునీటి కోసం నింపే సమ్మర్ స్టోరేజీ ట్యాంకుల జోలికి మాత్రం పోకూడదు, అక్కడ ఎవరినీ దిగనివ్వకూడదు.

అసలు ఖర్చు మనుషులది. క్లోరిన్ లీటరుకు ఒకటి నుంచి మూడు మిల్లీగ్రాముల మధ్య ఉందా, పీహెచ్ 7.2, 7.8 మధ్య ఉందా అని పొద్దునా సాయంత్రం చూసి రాసే మనిషి కావాలి. నీళ్లలో పిల్లలున్నంతసేపు ఫోన్ చూడకుండా గట్టు మీద నిలబడే లైఫ్‌గార్డు కావాలి. ఆడపిల్లలకు మహిళా శిక్షకురాలు కావాలి, గొళ్లెం పడే బట్టలు మార్చుకునే గది కావాలి. మన పట్టణాల్లో ప్రారంభోత్సవం జరిగి రెండేళ్లకు పచ్చగా మారే కొలనుల్లో చాలావరకు సిమెంటు లోపంతో చెడినవి కావు, ఈ జీతాలు బడ్జెట్‌లో రాయకపోవడం వల్ల చెడినవే. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పార్కులు, తోటలు, ఆటస్థలాల వంటి సౌకర్యాలను పురపాలక సంఘాల బాధ్యతల్లో చేర్చింది. కట్టడానికి గ్రాంట్లు దొరుకుతాయి. నడపడానికి పట్టణం తన పన్నులోంచి తీయాలి, తీయదగ్గ ఖర్చే అది.

ఇతర దేశాల్లో ఈ పని మొదలైన తీరు చూస్తే చాలా చోట్ల ఒక దుర్ఘటన కనిపిస్తుంది. జపాన్‌లో 1955 మే 11న షియున్ మారు అనే ఫెర్రీ మునిగి 168 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది విహారయాత్రకు వెళ్తున్న బడి పిల్లలు. ఆ దుఃఖంలోంచే బడి బడికీ ఈత కొలను కట్టే ఉద్యమం ఊపందుకుంది. ఇంగ్లండ్‌లో ప్రాథమిక బడి ముగిసేలోగా ప్రతి పిల్లా 25 మీటర్లు ఈదగలగాలని పాఠ్యప్రణాళికే చెబుతుంది. అవి డబ్బున్న దేశాలు. నంద్యాలకు దగ్గరి ఉదాహరణ బంగ్లాదేశ్. అక్కడ స్విమ్‌సేఫ్ కార్యక్రమం సిమెంటు కొలనుల కోసం ఎదురుచూడలేదు. ఊరి చెరువులోనే వెదురు బొంగులతో పిల్లల నడుము లోతున తడిక లాంటి వేదిక దించి, చుట్టూ దడి కట్టి, శిక్షణ పొందిన ఊరి యువతీయువకుల చేత నేర్పించారు. 25 మీటర్లు ఈదడం, 30 సెకన్లు తేలడం, పక్కవాడు మునిగితే దూకకుండా కర్రో గుడ్డో అందించడం వస్తే నేర్చినట్టు. నేర్చిన పిల్లల్లో నీటమునక మరణాలు 90 శాతానికి పైగా తగ్గాయని అక్కడి అధ్యయనంలో తేలింది.

ఆ పద్ధతి ఇక్కడికి బాగా సరిపోతుంది. మహానందిలో కోనేరు దాటిన నీరు అరటి తోటలకు పోయే దారిలో, ఆలయ ప్రాంగణానికి బయట, మూడడుగుల లోతున ఒక నేర్పుడు కొలను కట్టవచ్చు. నీరు అందులోంచి పారి యథాప్రకారం తోటకు పోతుంది, రైతుకు చుక్క తగ్గదు. సబ్బు, షాంపూ ముట్టనివ్వకూడదన్నది ఒక్కటే గట్టి షరతు. అది గుడి పరిధిలో లేనిది కాబట్టి ఏ మతం పిల్లలైనా వస్తారు. అడుగునా గట్టునా వేయవలసిన రాతి పనికి ఆళ్లగడ్డ శిల్పుల చేతులున్నాయి. ఆళ్లగడ్డలో ఏడాదంతా పారే ఊట లేదు కాబట్టి అక్కడ 25 మీటర్ల కొలనే కట్టాలి, హైస్కూలు ఆవరణలోనో బస్టాండుకు నడిచి వెళ్లేంత దూరంలోనో. పొద్దున రెండు గంటలు ప్రభుత్వ బడి పిల్లలకు ఉచితం, సాయంత్రం ఒక గంట ఆడవాళ్లకు మాత్రమే, మిగతా వేళల్లో రుసుము. వేసవి సెలవుల్లో పల్లెల నుంచి వచ్చేవారికి బస్సు పాస్ ఇవ్వాలి.

కొలనులు ఎన్ని కట్టినా గొర్రెలు కాసే పిల్లలు, బట్టలు ఉతికే తల్లులు, పొలం నుంచి కాళ్లు కడుక్కోవడానికి దిగే కూలీలు కాలువకే వస్తారు. వారికి చేయవలసింది వేరే, దాని ఖర్చు తక్కువ. ఊరు తగిలిన ప్రతి చోటా లైనింగులోకి చెక్కిన మెట్లు, నీటి మట్టం దగ్గర గట్టు పొడవునా వేలాడే గొలుసు, వంతెన కింద నీటికి అడ్డంగా తేలే డ్రమ్ముల తాడు, వంతెన పిట్టగోడకు తగిలించిన ట్యూబు, మోకు. వదిలేసిన గని గుంతల చుట్టూ కంచె వేయించి, ఒక వైపు వాలు తవ్వించడం గనుల శాఖ పని. కాలువకు నీళ్లు వదిలే ముందు వేసవిలో, అది ఖాళీగా ఉన్న రెండు నెలల్లో, నీటిపారుదల శాఖ చేసే మరమ్మతుల అంచనాలోనే ఈ మెట్లనూ గొలుసులనూ చేర్చవచ్చు.